మస్తు క్యారియర్లు

జూన్ 11, 2012

ఈ డైరీ జనవరిల నా బిడ్డ స్వర్ణ ఇచ్చింది. అట్ట మీద వాళ్ళ కాలేజీ బొమ్మ ఉన్నది. రాసి ఖరాబు చెయ్యబుద్ధి కాక ఇన్ని దినాలు పెట్టెల పెట్టిన. ఇయ్యాల రాయకపోతే ఇంకెప్పుడు రాస్త!

పొద్దుగాల కోదాడ నుంచి స్వర్ణ ఫోన్ చేసింది. సెప్టెంబర్ల సూర్యాపేటల పెద్ద సభ ఉన్నదట. హైదరాబాద్ నుంచి, మద్రాసు నుంచి ప్రొఫెసర్లు వస్తరట. వాళ్ళందరి ముందర మైకు పట్టుకొని తన చదువు సంగతి చెప్పుటానికి నా బిడ్డను పిలిచినరట. నా బిడ్డను! మాడుగులపల్లిల గొర్ల ఎంబడి తిరిగి, ఏడో తరగతి కాడ బడి ఇడిచిపెట్టి, మిర్యాలగూడ మిల్లుల పాలిష్ మిషన్ కాడ జీవితం ఎల్లదీసిన ఐలన్న బిడ్డను!

"నేనొస్త బిడ్డా. ముందల కుర్చీల కూసుంట" అన్న.

"ఇంగ్లీషుల మాట్లాడ్త నాయినా. నీకేం సమజైతది?" అని నవ్వింది.

"సమజ్ గావుడు ఎవనికి గావాలె? నీ మాట నాకు వినవడితే సాలు" అన్న.

ఇంకేందో చెప్పింది. ఫోన్ల గరగర. ఈ నడుమ ఫోన్లు బాగుంటలేవు. ఊరినిండ టవర్లు పెట్టినరు గని మాటలు మొద్దుగ వస్తున్నయి.

నా పెండ్లాం నాంచారి ఉండుంటే ఈ పాటికి వాడ వాడంత తిరిగొచ్చేది. ఏ మాట చెప్పినా ముందల "ఇగో, ఇన్నవా?" అనకపోతే ఆమెకు నోరు తెరుచుకోకపోయేది. పోయి ఎనిమిదేండ్లాయె.

జూన్ 12

నాతోని మిల్లుల పనిజేసే మల్సూర్ కు చెప్పిన. చాయ్ హోటల్ల చెప్పిన. లారీ డ్రైవర్లకు చెప్పిన. ఒక డ్రైవర్ ఒరిస్సాయన, తెలుగు రాదు, ఆయనకు గూడ చెప్పిన. తల ఊపిండు.

జూన్ 15

మిల్లు షెడ్డుల పిచ్చుకలు లేవు. వడ్లున్న కాడ పిచ్చుకలు లేకుండ ఎప్పుడన్న చూసినమా? టవర్లు వచ్చి వాటిని మింగినయని మొన్న ఎవరో అన్నరు. నిజమే అయితది. పొద్దున లేస్తె ఒక్కటి అరుస్తలేదు. నా బిడ్డ సిగ్నల్ చదువు చదువుతున్నదని ఈ మాట ఆమెతోని అనలే. మనసు నొచ్చుకుంటది.

జూన్ 19

మనసు బాలేదు.

స్వర్ణ ఫోన్ చేసింది. సభకు తయారైతున్నవా అని అడిగిన. "యాడ నాయినా, పొద్దున లేస్తె మస్తు క్యారియర్లు, పండేదాక మస్తు క్యారియర్లు" అన్నది. ఎన్ని క్యారియర్లు బిడ్డా అన్న. "ఇప్పుడు రెండొందల యాభై ఆరు. ముందల ముందల వెయ్యి దాటాలె" అని సంబురంగ చెప్పింది, పిచ్చి తల్లి.

రెండొందల యాభై ఆరు టిఫిన్ క్యారియర్లు! దినాం!

ఇంక అనుమానమేముంది. కోదాడల కాలేజీలు మస్తు, హాస్టల్ పిల్లలు మస్తు. వియ్యపురాలు కొమురమ్మ మెస్సు పెట్టింది. నా బిడ్డతోని అన్నం క్యారియర్లు కట్టిస్తున్నది. అంత చదువు చదివి, ఇంకా పై చదువు చదువుతూ, కాలేజీల పాఠాలు చెప్పే పిల్లతోని!

ఇప్పుడు సమజైతున్నది గొంతు ఎందుకు అట్లయిందో. పెండ్లికి ముందల నా బిడ్డ గొంతు గొర్రెపిల్ల మెడల గజ్జె లెక్క ఉండేది. మెల్లమెల్లగ మొద్దువారింది. పోపు పొగ. మిరపకాయ ఘాటు. నోరు తెరిచి చెప్పుకోదు గదా.

జూన్ 21

రేపు కోదాడ పోతున్న. నాలుగు గిన్నెల క్యారియర్ కొన్న. మాంసం కూర, చింతపండు పులుసు, పెరుగు, అన్నం. ఒక్క పూటన్న నా బిడ్డ తండ్రి వండింది కూసొని తినాలె.

మల్సూర్ అన్నడు: "ఆడ రెండొందల యాభై ఆరు క్యారియర్లుంటే నువ్వింకొకటి మోస్కపోతున్నవ్. ఎంత తెలివి ఐలన్నా!"

వీడు ఒక్కొక్కసారి మనిషేనా అనిపిస్తది.

జూన్ 22

నవ్వాల్నో ఏడ్వాల్నో! మొదటి నుంచి రాస్త.

హుజూర్‌నగర్ మీదికెల్లి కోదాడ చేరేసరికి స్వర్ణ కాలేజీకి పోయింది. కొమురమ్మ వాకిట్ల కూసొని గోరుచిక్కుడు తుంచుతున్నది. మంచినీళ్ళు ఇయ్యబోతే తీసుకోలె. నిలవడే అడిగిన.

"చెల్లె, మెస్సు ఎప్పుడు పెట్టినవ్?"

"మెస్సేంది అన్నయ్యా?"

"దాస్తవేంది! నా బిడ్డతోని రెండొందల యాభై ఆరు క్యారియర్లు కట్టిస్తున్నవంట గద? పొగల ఉండి ఉండి దాని గొంతు ఎట్లయిందో సూసినవా?"

కొమురమ్మ ఒళ్ళో చిక్కుళ్ళన్నీ కింద పడ్డయి. "నేనా? నీ బిడ్డతోనా? అన్నయ్యా, నీ బిడ్డ పాలు పెడితే పొంగి పొయ్యి ఆరిపోద్ది. ఆ కంప్యూటర్ ముందర కూర్చుందంటే అన్నం కలిపి నోట్లో పెట్టేది నేను! రెండు వందల యాభై ఆరు తర్వాత, రెండంటే రెండు చపాతీలు చెయ్యమను, నా పుస్తెల మీద ఒట్టు, ఊరంతా పిలిచి భోజనం పెడతాను!"

ఇరుగు పొరుగు గోడల మీదికెల్లి తలకాయలు పెట్టినరు. అప్పుడే అల్లుడు సంతోష్ కరెంటాఫీసు నుంచి వచ్చిండు. సంగతి విని గడప మీదనే కూలవడి నవ్విండు.

"మస్తు కాదు మామా. మల్టీ! మల్టీ క్యారియర్! అన్నం మోసేది కాదు, సిగ్నల్ మోసేది. స్వర్ణ చదువు పేరే అది!"

నా చేతిల నాలుగు గిన్నెలది అట్లనే ఉన్నది. కొమురమ్మ దానిని చూసింది, నన్ను చూసింది. "ఇందులో సిగ్నల్ ఏమన్నా తెచ్చావా అన్నయ్యా?" అన్నది.

స్వర్ణ వచ్చి విని, కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వి, నన్ను చిన్నబోనియ్యలె. "మల్టీ అంటే మస్తే గద నాయినా. నువ్వేం తప్పు వినలె" అన్నది. నా క్యారియర్ నే ముందర పెట్టుకొని, గిన్నె గిన్నె తీసి చెప్పింది.

"ఇవన్నీ ఒక్క గిన్నెల పోసుకొని బస్సుల వస్తే ఏమయితుండె?"

"కలిసి కచ్చరయితుండె."

"మాట గూడ అంతే. గాలిల పొయ్యే మాట గోడకు తాకుతది, గుట్టకు తాకుతది, తిరిగొచ్చి ఎనకొచ్చే మాట మీద పడ్తది. అంత ఒక్కటే దారిల ఉరికిస్తె ఏది ఏదో తెల్వదు. అందుకని మాటను ముక్కలు చేసి సన్నసన్నటి దారులల్ల, మెల్లగ పంపుతం. ఒక్కో దారి ఒక క్యారియర్. అన్నీ ఒక్కసారే బయలెల్తయి."

"ఒక గిన్నె దారిల ఒలికితే?"

"మిగిలినయి ఇల్లు చేరుతయి. ఒలికినదాని జాడ మిగిలిన గిన్నెలల్ల కొంచెం కొంచెం పెట్టి ఉంచుతం నాయినా. లెక్క చేసి పోయినదాన్ని తీస్తం."

పోయినదాన్ని, ఉన్నవాటిల్నుంచి తీస్తరట!

"మరి అందరు ఒక్కసారే మాట్లాడితె లొల్లి గాదా? మా మిల్లుల నలుగురు ఒక్కసారి అరిస్తె లారీల బియ్యానికి బదులు తవుడు ఎక్కిచ్చిన్రు" అన్న.

"అదే నాయినా అసలు ముచ్చట! ఒకదాని మాట విందామని చెవి పెట్టిన చోట, మిగిలినయన్నీ సరిగ్గ సున్న కాడ ఉంటయి. ఒకదాని మీద ఒకటి ఒరుసుకొని పోతనే ఉంటయి, అయినా ఒకదానికొకటి అడ్డం రావు."

ఇది మనుషులకు చేతగాదు. రెండొందల యాభై ఆరు మంది ఒక్కసారి నోరు తెరిచి, ఒక్కరి మాట ఇంకొకరి మాటకు తాకకుండ! ఏ దేవుని కొలుపుల చూసినం ఇసొంటిది? దాన్ని నా బిడ్డ లెక్కలల్ల ఆడిస్తున్నది. పాలు పొంగిస్తె పొంగించనీ.

పొద్దు గూకేటప్పుడు దాబా మీదికి పోయి ఊకె గాలిని చూసుకుంట నిలవడ్డ. ఖాళీ అనుకున్న ఇన్నేండ్లు.

జూన్ 23

కొమురమ్మకు ఇంకా కోపం పోలె. చాయ్ల చక్కెర వెయ్యలె. లేకపోతే మరిచిపోయిందేమో.

పొద్దున ఆమె స్నానానికి పోతూ, కుక్కర్ మూడు ఈలలు ఎయ్యంగనె పొయ్యి ఆపమన్నది. నేను దాని పక్కనే కూసొని పేపర్ చదువుతున్న. పప్పు అడుగంటింది. వాసనొస్తెనే తెలిసింది. ఆ కుక్కర్ ఖరాబైంది, ఈల ఎయ్యదు. ఆ మాటే చెప్పిన. స్వర్ణ తలుపు కాడ నిలవడి నా దిక్కే చూసింది.

తర్వాత ఇంకో వింత చూపించింది. వాళ్ళింట్ల ఇంటర్నెట్ డబ్బా ఉన్నది. పాత టెలిఫోన్ తీగే, స్తంభం మీదికెల్లి వచ్చేదే, దాన్ని ఆ డబ్బాకు పెట్టిన్రు. స్విచ్ ఎయ్యంగనె పచ్చలైటు మినుకుమన్నది. పాడైందా అన్న.

"ఊకె మినుకుతలేదు నాయినా. ఈ ఒక్క తీగలనే లోపల రెండొందల పైన సన్నటి దారులున్నయి. పని మొదలువెట్టక ముందు ఒక్కో దారిని అడుగుతున్నది. నువ్వు బాగున్నవా? నువ్వెంత మోస్తవ్? అని."

"అడిగి?"

"ఏది ఎంత మోస్తదో దాని మీద అంతనే పెడ్తది. బలమున్నదాని మీద ఎక్కువ. ఒళ్ళు బాగలేనిదాని మీద కొంచెం. అసలే మోయలేనిదాని మీద ఏం పెట్టదు. సభల చెప్పే నా పేపర్ అంత గిదే. మన చిన్న ఊర్లల్ల తీగలు పాతవి, తుప్పువట్టినయి. వాటిని పీకి పారెయ్యకుండ, ఉన్న బలంతోని ఎట్ల నడిపియ్యాల్నో లెక్క తీసిన."

మినుకుడు ఆగి లైటు నిలవడ్డది. అంటే అన్నిటినీ అడుగుడు అయిపోయింది.

చేతులెత్తి మొక్కిన. నవ్వితే నవ్విన్రు. మిల్లుల మేస్త్రీ ఏనాడన్న హమాలిని అడిగిండా, బస్తా ఎత్తేముందు, నువ్వెంత మోస్తవ్ అని? తుప్పు తీగను ఇంత మర్యాదగ అడుగుతరు నా బిడ్డ చదువుల.

జూన్ 24

స్వర్ణ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందర పెట్టింది.

"నాయినా, సప్పుడు వినవడ్డప్పుడల్ల ఏలెత్తు."

ఆట అనుకున్న. మొదలు మిల్లు మోటరు లెక్క మోటు సప్పుడు. ఏలెత్తిన. తర్వాత బస్సు ఇంజన్ లెక్క. ఎత్తిన. తర్వాత జర సన్నగ, సన్నాయి లెక్క. ఎత్తిన. తర్వాత ఆపింది. నేను చూస్తున్న, ఆమె మీట నొక్కుతనే ఉన్నది.

"ఆపినవేం బిడ్డా?"

"ఆపలె నాయినా."

అప్పుడు నాకు కొమురమ్మ కనవడ్డది. వంటింటి కాడ రెండు చెవులు గట్టిగ మూసుకొని నిలవడ్డది. "ఆపండమ్మా ఆ కీచు! పళ్ళు జివ్వుమంటున్నాయి!" అన్నది. ఆమె నోరు చూసి తెలుసుకున్న.

నేను ఏలు ఎత్తలె. ఏం ఎత్తాలె.

స్వర్ణ నా పక్కకొచ్చి కూసున్నది. "దారులన్నీ మూసుకపోలె నాయినా. మోటుదారులు మంచిగున్నయి. సన్నటియే పోయినయి. మిల్లు మిషన్ తిన్నది. సూర్యాపేటల మంచి డాక్టర్ ఉన్నడు. చెవిల చిన్న మిషన్ పెడ్తరు" అన్నది.

లేచిన. నాకేం చెవుడు లేదు అన్న. కుక్కర్ ఖరాబైంది, ఫోన్లు ఖరాబైనయి, మీ ల్యాప్‌టాప్ ఖరాబైంది అన్న. మా నాయినను సచ్చేదాక చెవిటి సాయిలు అన్నరు. ఇంటిపేరు మరిచిపోయిన్రు జనం. నేను చెవిల మిషన్ పెట్టుకొని నీ సభల ముందల కుర్చీల కూసుంటే, చెవిటోని బిడ్డ అంటరు నిన్ను అన్న.

మధ్యాహ్నం బస్సుకే వచ్చేసిన. క్యారియర్ ఆడనే మరిచిన.

జూలై 3

ఏం లేదు.

జూలై 9

స్వర్ణ ఫోన్ చేసిందట. మల్సూర్ చెప్పిండు, నా జేబుల మోగుతుంటే. నేను తియ్యలె. వినవడక కాదు. తియ్యలె అంతే.

జూలై 20

వాన మంచిగ పడ్డది. పొలాలల్ల నీళ్ళు.

మల్సూర్ తోని మల్టీ క్యారియర్ సంగతి చెప్పిన. వానికి నా అంత సమజ్ కాలె. ఇంకో ముచ్చట గూడ స్వర్ణ చెప్పింది కోదాడల, అది గూడ చెప్పిన: ప్రతి ముక్క పంపేముందు దాని తోకకు ఒక నకలు తీసి తల కాడ అతికిస్తరట. ఎనకటి ముక్క ప్రతిధ్వని వచ్చి దాని మీదనే పడి సచ్చిపోతదట, అసలు మాటకు దెబ్బ తగలదట.

"తోక తెచ్చి తలకాయకు పెడితె అది గొర్రె ఎట్లయితది?" అన్నడు మల్సూర్.

ఇసొంటోనితోని ఏం మాట్లాడ్తం. నాకు మాత్రం తలుచుకుంటె నిద్ర పడ్తలేదు, ఎవలు ఆలోచించిన్రో గని. దెబ్బ తగులుతదని ముందే తెలిసి, ఒక తోకను దెబ్బకు బలియిచ్చి, మాటను కాపాడుడు.

ఆగస్టు 2

ఫోన్ తీసిన. ఎన్ని దినాలు తియ్యకుంట ఉంట? కన్నబిడ్డ.

వింత! మాట మంచిగ వినవడ్డది! అక్షరం అక్షరం. అన్నం తిన్నవా నాయినా అన్నది, వానలు పడ్డయా అన్నది, అన్నీ వినవడ్డయి. చూసినవా, ఫోన్లు బాగు చేసిన్రు అన్న.

"ఫోన్లు గవే నాయినా. నేనే గొంతు మోటుగ చేసి, మెల్లగ మాట్లాడుతున్న. నీకు మంచిగున్న దారులల్ల" అన్నది.

ఆమె మిషన్ మాట ఎత్తలె. మోయలేనిదాని మీద ఏం పెట్టదు అని చెప్పింది గదా ఆ డబ్బా గురించి.

సభ సెప్టెంబర్ పదిహేనున అట. వస్తవా అని అడగలె. ముందల కుర్చీ ఖాళీ ఉంచుత అన్నది.

ఆగస్టు 6

నేను పోతే వినవడదు. పోకపోతే నా బిడ్డ ఒక్కతే నిలవడ్తది. మైకుల మోటుగ మాట్లాడమని ఆమెకు చెప్తనా, ప్రొఫెసర్ల ముందర, నా కోసం?

వినవడితే సాలు అన్నది నేనే.

ఆగస్టు 14

ఇది రాయక తప్పదు.

చాయ్ హోటల్ల మల్సూర్ తోని మనసు ఇప్పి చెప్పిన. చెవి మిషన్ పెట్టుకుంటె జనం చెవిటి ఐలన్న అంటరు, గదే నా పరేషాన్ అన్న. వాడు చాయ్ గిలాస కింద పెట్టిండు. నా మొఖం దగ్గరికి వచ్చి, గట్టిగ చెప్పిండు.

"ఐలన్నా, నిన్ను చెవిటి ఐలన్న అనవట్టి మూడేండ్లాయె."

"ఎవడు?"

"అందరు. మిల్లంత. నేను గూడ. ఇగో ఈ హోటలాయన గూడ."

హోటలాయన సిగ్గుపడి పకోడీలు తిప్పిండు.

"నా ముందర ఎవ్వడు అనలె గద!"

"నీ ముందరనే అంటరు. నీ ఎనక ఎందుకు అనాలె? నీకు వినవడ్తలేదు గని."

ఒక గడియ కోపమొచ్చింది. ఒక గడియే. తర్వాత నవ్వొచ్చింది, ఆగలె. మల్సూర్ గూడ నవ్విండు, హోటలాయన నవ్విండు. ఎవనికి తెల్వకుండ దాస్తున్న ఇన్నేండ్లు? ఊరందరికి తెలిసి నాకొక్కనికి చేరని మాట! ఆ గిన్నె ఒక్కటే ఒలికింది.

ఇంటికొచ్చి ఫోన్ చేసిన. "బిడ్డా, ముందల కుర్చీ ఇంకెవలకు ఇయ్యకు. ఆ డాక్టర్ పేరేంది?"

ఆమె చాలసేపు మాట్లాడలె. లేకపోతే సన్నగ ఏడ్చిందేమో. ఏడ్పు సన్నటి దారిల పోతది.

సెప్టెంబర్ 1

డాక్టర్ చెవులు చూసి కొలిచిండు. పద్నాలుగున గాని, పదిహేను పొద్దున గాని రమ్మన్నడు. పదిహేనే అన్న. అటునుంచి అటే సభకు పోవచ్చు.

కొమురమ్మ నా క్యారియర్ కడిగి, తళతళ తోమి, నిండ గారెలు పెట్టి పంపింది. మీద చీటి: "ఇవి సిగ్నల్ కాదు, తినండి."

సెప్టెంబర్ 15

సంబురంల రాస్తున్న, రాత వంకరపోతే పోనీ.

స్వర్ణ నిన్ననే సూర్యాపేట చేరింది, కాలేజీ వాళ్ళతోని. పొద్దుగాల నేను, సంతోష్, కొమురమ్మ డాక్టర్ కాడికి పోయినం. శనగగింజంత మిషన్ చెవి ఎనక పెట్టి, సన్నటి తీగ లోపలికి పంపిండు. ఇది గూడ సప్పుడును ముక్కలు ముక్కలు చేస్తదని సంతోష్ చెప్పిండు. నా చెవికి మంచిగున్న ముక్కలను ముట్టదట, పోయినవాటినే పెంచుతదట. నా చెవిని గూడ అడిగే చేసిన్రన్నమాట, నువ్వెంత మోస్తవ్ అని. డాక్టర్ మీట నొక్కిండు.

ఓయమ్మో!

డాక్టర్ కాగితం తిప్పితే ఎండిన మోదుగాకు మీద నడిచినట్టు సప్పుడు. నా అంగీకి సప్పుడు ఉన్నది. నా చెప్పులకు సప్పుడు ఉన్నది. కొమురమ్మ గాజులకు ఉన్నది. బయటికి రాంగనె ఏదో కిచకిచ కిచకిచ, నెత్తి మీద. తలెత్తి చూస్తె కరెంటు తీగ మీద పిచ్చుకలు, బారు కట్టి.

"సంతోషూ! పిచ్చుకలు!"

"అవును మామా."

"యాడికెల్లి వచ్చినయి మళ్ళ?"

"యాడికి పోలె మామా" అన్నడు మెల్లగ.

సభ కాడికి ఎట్ల పోయిన్నో యాదికి లేదు. పెద్ద హాలు. టై కట్టుకున్నోళ్ళు, అద్దాలు పెట్టుకున్నోళ్ళు. నా ముందల కుర్చీ మీద కాగితం అతికిచ్చి ఉన్నది, నా పేరుతోని. ఐలన్న గారు అని రాసిన్రు. చెవిటి అని లేదు. ఎవలన్న నా చెవి దిక్కు చూస్తరా అని చూసిన. ఎవలు చూడలె. వాళ్ళ పరేషాన్ వాళ్ళది.

స్వర్ణ పేరు పిలిచిన్రు. నీలంచీర కట్టుకున్నది. మైకు కాడికి వచ్చింది. నోరు తెరిచింది.

నాంచారి మాట్లాడింది.

అబద్ధం రాస్తలేను. ఈ డైరీ ఎవ్వలు చూడరు, నేనెందుకు అబద్ధం రాస్త. సన్నటి, కొస తేలిన, జర వణికే గొంతు. మాడుగులపల్లిల చెల్క ఆ కొస నుంచి పిలిస్తే ఈ కొసకు వినవడేది. ఎనిమిదేండ్ల కింద మన్నుల కలిసింది. అది మైకుల ఇంగ్లీషు మాట్లాడుతున్నది, ప్రొఫెసర్లందరు తలలూపుతున్నరు.

ఒక గడియ ఆగి తెలిసింది. నా బిడ్డ గొంతు మొద్దువారలె. ఏనాడు మొద్దువారలె. పోపు పొగ లేదు, మిరప ఘాటు లేదు. సగం గొంతే నాకు చేరింది ఇన్నేండ్లు. తల్లి పోలిక ఉన్న సగం దారిల ఒలికింది. పెండ్లికి ముందు వినవడి పెండ్లయినంక పోయిందంటే, అది పెండ్లి తప్పు కాదు, మిల్లు తప్పు. పక్కన కూసున్న కొమురమ్మ దిక్కు వంగి చెప్పిన.

"చెల్లె, నీ కోడలు గొంతు మంచిగున్నది."

"నేనెప్పుడు బాలేదన్నాను అన్నయ్యా? నువ్వు ఊరుకో, విననీ" అన్నది. కండ్లు తుడుచుకుంటున్నది. ఆమెకు గూడ ఇంగ్లీషు రాదు.

అర్థం ఒక్క ముక్క కాలె. ఒక్క ముక్క పోలె గూడ. తెర మీద గీతలు వస్తున్నయి, కొండలు, లోయలు. ఒక చోట గీత కాలువ తూము లెక్క దిగజారింది. అది తుప్పు తీగ అనుకున్న. డాక్టర్ కొలిచిన దినం కాగితం మీద నా చెవి గీత గూడ అట్లనే దిగింది. ఆ దిగజారిన కాడ స్వర్ణ కర్ర పెట్టి చూపించి, ఏదో మెల్లగ చెప్పింది, మల్టీ క్యారియర్ అన్నది. మల్టీ. మస్తు కాదు. మొదటిసారి సరిగ్గ విన్న. రెండూ ఒక్కటే, ఆమెనే చెప్పింది గదా.

చప్పట్లు కొట్టిన్రు. చప్పట్లు వాన లెక్క ఉంటయని మరిచిపోయిన.

ఒక పెద్ద ప్రొఫెసర్ ఏదో అడిగిండు, స్వర్ణ చెప్పింది, ఆయన నవ్వి కూసున్నడు. తర్వాత మెట్లు దిగి నా దగ్గరికే వచ్చింది, ఎవ్వల దిక్కు చూడకుండ. కుర్చీ ముందర వంగింది.

"నాయినా, ఇన్నవా?"

ఆమెకు తెల్వదు, తనేమన్నదో. తల్లి ఆ మాట అనేదని ఆమెకు యాది ఉన్నదో లేదో. "ఇంకొకసారి అను బిడ్డా" అన్న.

ఆమె మొఖం వాడిపోయింది. మిషన్ పనిజేస్తలేదనుకున్నది. ఇంకా దగ్గరికి వంగి, గొంతు మోటుగ చేసి, మెల్లగ, ముక్క ముక్కగ, నాకు మంచిగున్న దారులల్ల అన్నది:

"నా-యి-నా... ఇన్న-వా?"

"గట్ల గాదు బిడ్డా" అన్న. "నీ గొంతుతోని అను."